ఆ ఒక్క ‘ట’ తీసేయండి, టీచరు గారూ

ప్రశ్న: నేను చెన్నై పెరంబూర్‌లోని ఒక ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతికి పాఠాలు చెబుతున్నాను. తరగతిలో సగానికి పైగా తెలుగు పిల్లలే. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ఉన్నారు, ఒక జైనుల అమ్మాయి కూడా ఉంది. ఈ ఏడాది శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో ‘ప్రపంచ మతాలు’ చెప్పమని నాకు అప్పగించారు. పెద్ద చార్టు తయారుచేశాను. మతం, స్థాపకుడు, పవిత్ర గ్రంథం, ప్రార్థనా స్థలం, పండుగలు అని అయిదు గడులు. పిల్లలు రెండు వారాల్లో బట్టీ పట్టేశారు, మూడో వారం నుంచి ఆవులిస్తున్నారు. కథలైతే వింటారని మన పండుగల కథలు ముందు చెప్పి, తర్వాత మిగతా మతాలవి చెప్పాను. వినాయకుడు తల్లిదండ్రుల చుట్టూ తిరిగి గెలిచిన కథ చెప్పాను. యేసు అయిదు రొట్టెలు, రెండు చేపలతో అయిదు వేల మందికి పెట్టాడట, అదీ చెప్పాను. మహమ్మద్ ప్రవక్త గుహలో ఉంటే సాలెపురుగు గుమ్మానికి గూడు అల్లిందట, అదీ చెప్పాను. ఆ వారమే ఒక పిల్లవాడు ఇంకొకడితో ‘మీ దేవుడు అబద్ధమని మా పిన్ని చెప్పింది’ అన్నాడు. ఇద్దరూ కొట్టుకున్నారు. ఒక తండ్రి ‘మా అబ్బాయికి వేరే మతాల గురించి చెప్పవద్దు’ అని డైరీలో రాసి పంపారు. పిల్లలకు ఆసక్తి కలిగేలా, ఎవరి మనసూ నొవ్వకుండా ఈ పాఠం చెప్పడం ఎలా? ఆ తండ్రికి ఏం చెప్పాలి? లేక ఈ పీరియడ్ నావల్ల కాదని తప్పుకోవాలా?

సమాధానం:

టీచరు గారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చేతిలో పెన్సిల్ పట్టుకుని చదివాను. మీరు అడిగిన మూడు ప్రశ్నల కంటే ముందు, మీరు అడగని సంగతి ఒకటి మీ వాక్యాల్లోనే కనిపించింది. అక్కడే మొదలుపెడతాను.

వినాయకుడు ‘గెలిచిన’ కథ అని రాశారు. యేసు అయిదు వేల మందికి ‘పెట్టాడట’ అని రాశారు. సాలెపురుగు గూడు ‘అల్లిందట’. మొదటి కథ మీరు పక్కన నిలబడి చూసినట్టు ఉంది. తక్కిన రెండూ ఎవరో చెబితే విన్నట్టు ఉన్నాయి. మీరు కావాలని అలా రాయలేదని నాకు తెలుసు. చిన్నప్పుడు మన నాలుకకు ఎలా అలవాటైందో అలాగే వస్తుంది. కానీ తెలుగులో ఆ ‘ట’ చాలా బరువైన అక్షరం. ‘వాళ్ళ నాన్న కలెక్టరట’ అన్నప్పుడు వినేవాడికి ఏం అర్థమవుతుందో మీకు తెలుసు. తొమ్మిదేళ్ళ పిల్లలకు కూడా తెలుసు. వాళ్ళకు వ్యాకరణం పేర్లు తెలియవు గానీ, టీచరు దేన్ని నమ్మి చెబుతోంది, దేన్ని పక్కకు పెట్టి చెబుతోంది అన్నది గొంతులోనే పట్టేస్తారు. పిన్ని ఇంట్లో అన్న మాటను ఆ అబ్బాయి బడికి తెచ్చాడు, నిజమే. కానీ తరగతిలో ఆ మాటకు చోటు దొరకడంలో ఈ ‘ట’కు కూడా కొంత భాగం ఉందని నా అనుమానం.

దీనికి మందు చిన్నదే. ప్రతి కథకూ ఒకే వాకిలి పెట్టండి. ‘ఇది క్రైస్తవులు చెప్పుకునే కథ’ అని ఒక్కసారి చెప్పి, ఆ తర్వాత ‘యేసు రొట్టెలు తీసుకున్నాడు, విరిచాడు, పంచాడు’ అని నిండుగా చెప్పండి. ‘ఇది ముస్లింలు చెప్పుకునే కథ’ అని చెప్పి సాలెపురుగు చేత గూడు అల్లించండి, గుమ్మం ముందుకు వచ్చిన శత్రువుల గుండెచప్పుడు కూడా వినిపించండి. అసలు కష్టం వినాయకుడి దగ్గర వస్తుంది. ‘ఇది హిందువులు చెప్పుకునే కథ’ అని మొదలుపెట్టాలి. నేను బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో మొదటిసారి నాకు నోరు తిరగలేదు. ఇంట్లో దీపం పెట్టి వచ్చినదాన్ని, నా దేవుడి కథకు నేనే అలా ముందుమాట పెట్టడం ఏదో దూరం చేసుకున్నట్టు అనిపించింది. రెండు మూడు వారాల్లో అలవాటైంది. నా భక్తి ఏమీ తగ్గలేదు, తరగతిలో మాత్రం గాలి మారింది.

గౌరవవాచకాలు కూడా చూసుకోండి. మనం చనువుతో రాముడు వచ్చాడు, కృష్ణుడు ఎత్తాడు అంటాం. ముస్లింలు ప్రవక్తను ఎప్పుడూ ‘అన్నారు, వచ్చారు’ అనే అంటారు. సిక్కులు గురునానక్‌ను ఏకవచనంలో తలవరు. క్రైస్తవుల ఇళ్ళలో యేసును కొందరు ‘అన్నాడు’ అంటారు, కొందరు ‘అన్నారు’ అంటారు. ఎవరి ఇంట్లో ఎలా పిలుస్తారో కనుక్కుని అలాగే పిలిస్తే చాలు.

ఇంకొక మాట ‘మన’. ‘మన పండుగలు ముందు చెప్పి, తర్వాత మిగతా మతాలవి’ అన్నారు. మనకు ‘మనం’ వేరు, ‘మేము’ వేరు. మనం అంటే వినేవాళ్ళు కూడా కలిసినట్టు, మేము అంటే వాళ్ళు కలవనట్టు. తమిళంలోనూ నామ్, నాంగళ్ అని ఈ తేడా ఉంది కాబట్టి మీ తరగతిలో తమిళ పిల్లలకూ ఇది పుట్టుకతో తెలుసు. మీరు ‘మన వినాయక చవితి’ అన్న క్షణాన మూడో బెంచీలోని ముస్లిం పిల్లవాడు, తాను ఆ ‘మన’లో ఉన్నాడా లేడా అని లెక్క వేసుకుంటాడు. ‘మా ఇంట్లో వినాయక చవితి చేస్తాం’ అనండి, అప్పుడు ‘మీ ఇంట్లో ఏం చేస్తారు?’ అని అడగడానికి దారి దొరుకుతుంది. ‘మన’ను తరగతికి, బడికి, ఊరికి దాచుకోండి. మన తరగతి, మన పెరంబూర్, మన చందమామ.

చందమామ అని ఊరికే అనలేదు. మీ చార్టును చుట్టి బీరువా మీద పెట్టి, ఆ స్థానంలో చందమామను పెట్టమని అడుగుతున్నాను. చార్టులోని వివరాలు తప్పు కావు, కానీ దానిలో మనుషులు లేరు. పైగా ఆ అయిదు గడులు అన్ని మతాలకూ సరిపడవు కూడా. హిందూ మతానికి స్థాపకుడి గడిలో మీరు ఏం రాశారో నాకు తెలియదు, ఏం రాసినా ఇబ్బందే. చందమామ మాత్రం అందరి డాబాల మీదికీ వస్తుంది.

ఒక నెల రోజులు పిల్లల చేత చంద్రుణ్ణి చూయించండి. నోటు పుస్తకంలో ముప్పై గడులు గీయించి, ప్రతి సాయంత్రం ఎలా కనబడితే అలా బొమ్మ వేయమనండి. అమావాస్య తర్వాత సన్నని నెలవంక, అష్టమి నాటి సగం, పున్నమి, మళ్ళీ తరుగుదల. నెల పూర్తయ్యాక ఆ గడుల పక్కన పండుగలు పెట్టండి. నెలవంక కనబడితే ముస్లింలకు కొత్త నెల మొదలు. రంజాన్ ఉపవాసాలు మొదలయ్యేదీ, ముగిసేదీ ఆ సన్నని గీత చూసే. అమావాస్య మరునాటి పాడ్యమి, చైత్రమైతే ఉగాది. నాలుగో రోజు భాద్రపదంలో వినాయక చవితి. చైత్ర త్రయోదశి మహావీర జయంతి. వైశాఖ పున్నమి బౌద్ధులకు, కార్తిక పున్నమి గురునానక్ పుట్టినరోజుగా సిక్కులకు. యూదుల పెసాహ్ పండుగ కూడా పున్నమి వేళే మొదలవుతుంది. ఈస్టర్ అయితే మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటిన ఆదివారం. అమావాస్యకు దీపావళి. ఒక్క చంద్రుడి చుట్టూ ఎంతమంది కూర్చున్నారో పిల్లలు తమ చేత్తో వేసిన బొమ్మల్లోనే చూస్తారు. క్రిస్మస్, సంక్రాంతి, తమిళ ఉగాది ఈ గడుల్లో ఇమడవు. అవి ఎందుకు ఇమడవో వాళ్ళే అడుగుతారు, అప్పుడు సూర్యుడి గురించి చెప్పవచ్చు.

ఇక్కడ లెక్కల పాఠం కూడా ఉంది. పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులు. ఏడాదికి 365. తేడా 11. అందుకే రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుగా వస్తుంది. పదకొండు చొప్పున జరిగితే ఏడాది చుట్టూ తిరిగి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో నాలుగో తరగతి పిల్లలు భాగహారం చేసి చెప్పగలరు, సుమారు 33 ఏళ్ళు. మరి ఉగాది ఎందుకు అలా తిరగదు? దాదాపు ముప్పై రెండు, ముప్పై మూడు నెలలకు ఒకసారి పంచాంగంలో అధిక మాసం వేసి సరిచేస్తారు కనుక. యూదులు కూడా పంతొమ్మిదేళ్ళలో ఏడుసార్లు ఒక నెల కలుపుతారు. ముస్లింలు కలపరు. అందుకే వాళ్ళ ఉపవాసం ఎండాకాలంలోనూ వస్తుంది, వానల్లోనూ వస్తుంది. 2024లో ఏప్రిల్ 9న ఉగాది, 11న రంజాన్. 2025లో మార్చి 30న ఉగాది, మరునాడే రంజాన్. రెండు పండుగలకూ ఒకే అమావాస్య తలుపు తీసింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి 2027లో ఉగాది ఏప్రిల్‌కు వెళుతుంది, రంజాన్ మార్చిలోనే ఉంటుంది, రెండూ విడిపోతాయి. పాత క్యాలెండర్లు రెండు మూడు తెప్పించి పిల్లల ముందు పరచండి. ఆవులింతలు ఉండవని నేను మాట ఇస్తాను.

ఇలా కళ్ళతో చూసి, చేత్తో చేసేవే ఈ వయసుకు నప్పుతాయి. కానీ ఒక జాగ్రత్త. ప్రవక్త బొమ్మ వేయించకండి, ప్రవక్తగా గానీ సిక్కు గురువులుగా గానీ ఎవరి చేతా నాటకం వేయించకండి. ఆ మతాలవాళ్ళకు అది బాధ. నమాజును, ఆరతిని, చర్చిలో రొట్టె పంచడాన్ని ‘ఇలా చేస్తారు’ అని పిల్లల చేత నటింపజేయడం కూడా నాకు ఇష్టం లేదు. ప్రార్థన చేసేవాళ్ళకు అది ఆట కాదు. దానికి బదులు ముగ్గు తీసుకోండి. చుక్కలు పెట్టి గీతలు కలపడం మన పిల్లలు అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య. ఒకే కొలతతో రెండు చతురస్రాకారపు కాగితాలు కత్తిరించి, ఒకదాని మీద ఇంకొకదాన్ని, దాని మూలలు కిందిదాని అంచుల మధ్యకు వచ్చేలా తిప్పి అతికిస్తే ఎనిమిది మొనల నక్షత్రం వస్తుంది. ఖురాన్ ప్రతుల్లో భాగాలను గుర్తించడానికి ఆ నక్షత్రాన్నే వేస్తారు. మసీదుల గోడల మీద దేవుడి బొమ్మ ఎందుకు ఉండదు, దాని బదులు గీతలూ పూలూ అక్షరాలూ ఎందుకు అంత అందంగా ఉంటాయి అన్న ప్రశ్న ఆ కాగితం నుంచే పుడుతుంది.

బొమ్మ లేకుండా దేవుణ్ణి, గురువును తలచుకోవడం ఒక్క ఇస్లాంలోనే లేదు. దీన్ని చూపించడానికి మీరు ఎక్కడికో వెళ్ళనక్కరలేదు, ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంకు వెళితే చాలు. శుక్రవారం మ్యూజియానికి సెలవు కాబట్టి మీ పీరియడ్ రోజున కుదరదు. వేరే రోజు చూసుకుని, అమరావతి శిల్పాల గది తెరిచి ఉందో లేదో ముందే ఫోను చేసి కనుక్కోండి. మన కృష్ణా తీరపు అమరావతి స్తూపం రాళ్ళు ఇవి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించి మద్రాసుకు తెప్పించాడు. వాటిలో చాలా వాటిని 1859లో లండన్‌కు పంపేశారు. మిగిలినవీ, ఆ తర్వాత తవ్వకాల్లో దొరికినవీ ఇక్కడ ఉన్నాయి. పిల్లలకు ఒక ఆట పెట్టండి: ‘బుద్ధుడు కనబడని చోట బుద్ధుణ్ణి వెతకండి’. పాత శిల్పాల్లో బుద్ధుడికి బదులు ఖాళీ సింహాసనం ఉంటుంది, పాదముద్రలు ఉంటాయి, బోధివృక్షం ఉంటుంది, చక్రం ఉంటుంది. చుట్టూ మనుషులు చేతులు జోడించి ఉంటారు. ఎవరికి దండం పెడుతున్నారు అని పిల్లలు వెతుకుతూ సింహాసనం దగ్గర ఆగిపోతారు.

అక్కడే నలగిరి ఏనుగు శిల్పం ఉంది, గుండ్రని పతకంలా చెక్కింది. నలగిరి అంటే బుద్ధుడి మీదికి వదిలిన మదపుటేనుగు. దాని ముందు పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టండి. ఎడమవైపు ఏనుగు మనుషుల్ని తొక్కుతూ, ఒకణ్ణి తొండంతో లాగుతూ వస్తోంది. కుడివైపు ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ళ మీద వంగింది. పైన కిటికీల్లోంచి జనం చూస్తున్నారు. ‘ఎన్ని ఏనుగులు?’ అని అడగండి. రెండు అంటారు. కాసేపు ఊరుకోండి. ఎవరో ఒకరు ‘కాదు టీచర్, ఒకటే, ముందు కోపంగా ఉంది, తర్వాత శాంతించింది’ అంటారు. బౌద్ధం గురించి మీ చార్టులో ఎంత రాసినా, రెండో శతాబ్దపు తెలుగు శిల్పి పల్నాటి సున్నపురాయి మీద చెప్పినంత చెప్పలేము.

గుడి, మసీదు, చర్చి చూపించడానికి తీసుకువెళ్ళాలా అని మీకు అనిపిస్తుంది. అడయార్‌లోని దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) తోటలో గుడి, చర్చి, మసీదు, బౌద్ధ మందిరం ఒకే ప్రాంగణంలో ఉన్నాయని చాలామంది అక్కడికి తీసుకువెళతారు. చెట్ల కింద నడక బాగుంటుంది. కానీ పిల్లలకు గుర్తుండేది కట్టడం కాదు, అందులో తిరిగే మనుషులు. టి.నగర్ జి.ఎన్.చెట్టి రోడ్డులోని గురుద్వారాలో లంగర్, అంటే అందరికీ ఉచితంగా పెట్టే భోజనం, జరిగే వేళ వెళ్ళండి. తలకు చేతిరుమాలు కట్టుకోవాలి, కాళ్ళు కడుక్కోవాలి, నేల మీద వరుసగా కూర్చోవాలి. ఆ వరుసను సిక్కులు పంగత్ అంటారు. మన పంక్తే అది! పెళ్ళిలో పంక్తి భోజనం తెలిసిన పిల్లలకు, ఎవరు పక్కన కూర్చున్నా లేవకూడని పంక్తి ఎందుకు పెట్టారో ఆకలి వేళ చెబితే అర్థమవుతుంది.

ట్రిప్లికేన్‌లో ఆర్కాటు నవాబుల కాలపు వాలాజా మసీదు ఉంది, 1795లో కట్టింది. రంజాన్ నెలలో అక్కడ ఉపవాసం విడిచేవాళ్ళకు వడ్డించేది మైలాపూర్‌లోని సూఫీదార్ మందిరానికి చెందిన హిందువులు. దేశ విభజన వేళ సింధ్ నుంచి ఈ ఊరికి వచ్చిన వ్యక్తి మొదలుపెట్టిన సేవ అది, దశాబ్దాలుగా నడుస్తోంది. ఇది పుస్తకంలో చదివించే సంగతి కాదు, బస్సు ఎక్కి చూసి వచ్చేది. అనుమతి దొరికితే ఆ సాయంత్రం కొద్దిమంది పిల్లల్నీ, వాళ్ళ అమ్మానాన్నల్నీ తీసుకువెళ్ళండి.

రాయపురంలో 1910లో కట్టిన పార్సీల అగ్ని ఆలయం ఉంది. అక్కడ పార్సీలు కానివాళ్ళను లోపలికి రానివ్వరు. దాన్ని కూడా పాఠంలో చేర్చమంటాను. మూసిన తలుపు ముందు గౌరవంగా ఆగడం కూడా పిల్లలు నేర్చుకోవలసిందే. ఈ ఊళ్ళో చాలా గుళ్ళలో గర్భగుడి వైపు హిందువులు కానివాళ్ళు వెళ్ళకూడదన్న బోర్డు ఉంటుంది. రెండింటినీ ఒకే గొంతుతో చెప్పండి.

ఎక్కడికి వెళ్ళినా, బొట్టు పెట్టించుకోవడం, ప్రసాదం తినడం, దండం పెట్టడం ఏ పిల్లకూ తప్పనిసరి కాకూడదు. ప్రసాదం వద్దన్న పిల్లవాడు దేవుణ్ణి అవమానించినట్టు కాదు. ‘వద్దండీ’ అని మర్యాదగా చెప్పడం బయలుదేరే ముందే తరగతిలో నేర్పించండి.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెబుతాను. మీరు అది చేయకూడదని. చాలా ఏళ్ళ కిందట మూడో తరగతికి చెబుతున్నప్పుడు, రంజాన్ పాఠం వచ్చింది. తరగతిలో ఒకే ముస్లిం అమ్మాయి. ‘లేచి మీ మతం గురించి అందరికీ చెప్పమ్మా’ అన్నాను, గౌరవించాననుకుని. ఆ పిల్ల లేచింది. గౌను అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. చివరికి ‘తెలియదు టీచర్’ అంది. వెనక నుంచి ఎవరో నవ్వారు. ఎనిమిదేళ్ళ పిల్లను నేను ఒక మతం మొత్తానికి ప్రతినిధిగా నిలబెట్టాను. హిందూ పిల్లను లేపి ‘మీ మతం గురించి చెప్పు’ అని నేను ఎన్నడూ అడగలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఆ అమ్మాయి లెక్కల్లో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తలేదు.

దాన్ని ఎలా దిద్దుకోవాలో తెలియక తిరుగుతుంటే, ఒక సాయంత్రం గేటు దగ్గర వాళ్ళ నాన్నమ్మ కనిపించింది. నెల్లూరు వైపు నుంచి వచ్చిన మనిషి, చక్కని తెలుగు. నేను మతం మాట ఎత్తకుండా, ఉపవాసం విడిచేటప్పుడు తాగే నోంబు కంజి ఎలా చేస్తారని అడిగాను. ఆమె ముఖం విప్పారింది. ‘చెప్పడమెందుకమ్మా, తెస్తాను’ అంది. మేము తల్లిదండ్రులందరినీ అడిగి సరే అనిపించుకున్నాక, పెద్ద స్టీలు క్యారియర్ పట్టుకుని వచ్చింది. ‘మాంసం వేయలేదు, బియ్యం, పెసరపప్పు, మెంతులు, కొబ్బరిపాలు’ అని ముందే చెప్పింది. మూత తీసి, గ్లాసుల్లో పోస్తూ పిల్లలతో అంది: ‘ఉప్పు సరిపోయిందో లేదో మీరే చెప్పాలి. నేను రుచి చూడలేదు. పొద్దు కుంకేదాకా నేను ఏమీ తినను.’

తరగతి నిశ్శబ్దమైపోయింది. ఇంత గంజి వండి, ఇంతమందికి పోస్తున్న మనిషి ఒక్క చుక్క నోట్లో వేసుకోలేదు! ఒక అబ్బాయి మెల్లగా ‘ఉప్పు తక్కువైంది, అవ్వా’ అన్నాడు. ఆమె నవ్వింది. అప్పుడు ముందు బెంచీలోని అమ్మాయి అంది: ‘మా అమ్మమ్మ కూడా అంతే, నైవేద్యానికి చేసేటప్పుడు రుచి చూడదు. ఒక్కోసారి ఉప్పు ఎక్కువైపోతుంది.’ ఆ మాట నేను చెప్పించలేదు. నాకే తట్టలేదు. గ్లాసులు అందిస్తున్నది ఎవరో చెప్పనక్కరలేదు, వేలికి గౌను అంచు చుట్టుకున్న ఆ పిల్లే.

అందుకే పిల్లల్ని కాదు, వాళ్ళ ఇళ్ళలోని పెద్దల్ని పిలవండి. వాళ్ళను కూడా ‘మీ మతం’ అని అడగకండి, ‘మీ ఇంట్లో’ అని అడగండి. మీ జైనుల అమ్మాయి తల్లిని పిలిస్తే, సూర్యాస్తమయం తర్వాత ఎందుకు తినరో, బంగాళాదుంప కూర ఇంట్లో ఎందుకు వండరో చెబుతుంది. ఏ మతమూ పాటించని ఇంటి పిల్లలు ఉంటే వాళ్ళ ఇంట్లో సంగతులకూ చోటు ఉండాలి.

ఇక ఆ కొట్లాట. ‘అబద్ధం’ అన్న పిల్లవాణ్ణి అందరి ముందు తిట్టకండి, వాళ్ళ పిన్నిని అసలు కదపకండి. మాట పడ్డ పిల్లవాడితో మాత్రం విడిగా కూర్చుని, ‘నీకు బాధ కలిగింది, నాకు తెలిసింది’ అని చెప్పండి. ఆ తర్వాతి వారం మూడు డబ్బాలు తెచ్చుకోండి. ఒకదాని మీద ‘చూసి తెలుసుకోవచ్చు’, రెండోదాని మీద ‘నమ్మకం’, మూడోదాని మీద ‘నాకు ఇష్టం’ అని రాయండి. చీటీల మీద వాక్యాలు రాసి పిల్లలకు పంచండి. ‘వాలాజా మసీదును 1795లో కట్టారు’ అన్నది మొదటి డబ్బాలోకి. ‘యేసు మూడో రోజున తిరిగి లేచాడు’ రెండో డబ్బాలోకి. ‘గంగలో మునిగితే పాపాలు పోతాయి’ కూడా రెండో డబ్బాలోకే. ‘చక్కెర పొంగలి అన్నిటికంటే బాగుంటుంది’ మూడోదానిలోకి. అప్పుడు ఈ చీటీ ఇవ్వండి: ‘యేసు మూడో రోజున తిరిగి లేచాడని క్రైస్తవులు నమ్ముతారు.’ పిల్లలు వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి. అది మొదటి డబ్బాలోకి వెళుతుంది, ఎందుకంటే క్రైస్తవులను అడిగి తెలుసుకోవచ్చు. ‘అబద్ధం’ అన్న మాట ఎక్కడ వాడవచ్చో, ఎక్కడ వాడకూడదో ఆ డబ్బాల ముందు వాళ్ళకు తెలుస్తుంది.

అయినా ఎవరో ఒకరు ‘ఏ దేవుడు నిజం టీచర్?’ అని అడుగుతారు. ‘అన్ని మతాలూ ఒకటే చెబుతాయి’ అని తప్పించుకోకండి. చెప్పవు. జైనులూ బౌద్ధులూ సృష్టికర్త ఉన్నాడని అనరు. ముస్లింలు దేవుడికి రూపం లేదంటారు, మనం రూపం చెక్కి పూలు పెడతాం. ఆ తేడాల కోసం మనుషులు తమ జీవితాలనే మార్చుకున్నారు, వాటిని కలిపి ముద్ద చేస్తే ఎవరినీ గౌరవించినట్టు కాదు. ‘ఇది చాలా పెద్ద ప్రశ్న. వేల ఏళ్ళుగా పెద్దవాళ్ళు అడుగుతున్నారు. మీ ఇంట్లో ఏమంటారో అడిగి రా’ అని చెప్పండి. పిల్లవాడి విశ్వాసం ఇంటివాళ్ళది. దానిలో మీరు చెయ్యి పెట్టడం లేదని ఇంటివాళ్ళకూ తెలుస్తుంది.

డైరీలో రాసిన తండ్రిది ఏ మతమో మీరు రాయలేదు. రాయనందుకు సంతోషం, నా జవాబు ఎలాగూ మారదు. డైరీలో జవాబు రాయకండి. రమ్మనండి, కుర్చీ వేయండి. ఆయన భయం చిన్నది కాదు: బిడ్డ తన చేతిలోంచి జారిపోతాడేమోనని. ‘మీ అబ్బాయి చేత ఎవరికీ దండం పెట్టించను, ఏ ప్రార్థనా చదివించను, ఏదీ గొప్ప, ఏదీ తక్కువ అనను’ అని ముందు ఆ మూడు మాటలూ ఇవ్వండి. పిల్లల చంద్రుడి పుస్తకాలు చూపించండి.

చట్టం సంగతి మీకు తెలిసి ఉండాలి, కానీ దానితో మొదలుపెట్టకండి. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో మతబోధ చేయకూడదు. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న బడుల్లో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ఏ పిల్లవాణ్ణీ మతబోధకు గానీ ప్రార్థనకు గానీ కూర్చోబెట్టకూడదు. అయితే మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి చెప్పడం వేరు. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే గుర్తించి, మతాల గురించి చదవడం ఆ నిషేధం కిందికి రాదని చెప్పింది. అంతకు ఎంతో ముందు 1966లోనే కొఠారీ కమిషన్ ప్రధాన మతాల గురించి పిల్లలకు తెలియజెప్పాలని సిఫారసు చేసింది. ఇంత చెప్పాక కూడా ఆయన వద్దంటే, ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి, ఆ పీరియడ్‌లో పిల్లవాడికి వేరే పని ఇవ్వండి, చిన్నబుచ్చకుండా. చంద్రుడి పుస్తకం మాత్రం అడగండి. దానికి అభ్యంతరం చెప్పిన తండ్రిని నేను ఇంతవరకు చూడలేదు.

తప్పుకోవాలా అని చివర అడిగారు. వద్దు. ఇద్దరు పిల్లలు కొట్టుకున్నారని రాత్రి కూర్చుని ఇంత ఉత్తరం రాసిన మీకంటే ఈ పీరియడ్‌ను ఎవరు బాగా చూసుకుంటారు?

క్యాలెండర్ తీసి వచ్చే అమావాస్య ఎప్పుడో చూడండి. దానికి ముందు శుక్రవారమే పిల్లల చేత ముప్పై గడులు గీయించండి. అమావాస్య మరునాటి నుంచి, సూర్యుడు దిగిన వెంటనే పడమటి వైపు చూడమనండి. మొదటి రోజు బహుశా కనబడదు, రెండో రోజు చూడవచ్చు. నెల రెండో సగంలో చంద్రుడు రాత్రి ఆలస్యంగా వస్తాడు, అప్పుడు తెల్లవారి బడికి బయలుదేరేటప్పుడు ఆకాశంలో వెతకమనండి. మబ్బు పట్టిన రోజు గడిని ఖాళీగా వదలనివ్వకండి. ‘మబ్బు’ అని రాయించండి.